క్రికెట్ అలవాటున్న పిల్లలకు సాఫ్ట్‌బాల్ బ్యాటింగ్ నేర్పడం ఎలా?

మన స్కూళ్లలో సాఫ్ట్‌బాల్ టీమ్‌కి వచ్చే పిల్లల్లో చాలామంది అప్పటికే వీధిలో క్రికెట్ ఆడి ఉంటారు. అది మంచిదే. బంతిని బౌలర్ చేతిలో ఉన్నప్పటి నుంచే చూడటం, వేగం అంచనా కట్టడం, బ్యాట్‌కి తగిలించడం వాళ్లకు వచ్చు. చిక్కంతా కాళ్లూ మణికట్లూ క్రికెట్ అలవాటులోనే ఉండిపోవడం. సాఫ్ట్‌బాల్‌లో బంతి నేలమీద పడి లేవదు, కాబట్టి పడే చోటికి కాలు చాచే పని లేదు. కాపాడుకోవడానికి వికెట్లు లేవు, కాబట్టి బ్యాట్ నిలువుగా రానక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాటర్ పక్కన నేల మీద ఉండే హోమ్ ప్లేట్ అనే పలక నుంచి, కుడి వైపు ఫస్ట్ బేస్ (కొట్టాక పరుగెత్తి చేరాల్సిన మొదటి చోటు) దాకా ఒక గీత, ఎడమ వైపు థర్డ్ బేస్ దాకా ఒక గీత ఉంటాయి. ఆ రెండిటి మధ్య 90 డిగ్రీల మేరలో కొట్టిందే లెక్క. లేట్ కట్, గ్లాన్స్, కీపర్ తల మీదుగా లేపిన షాట్, అన్నీ ఫౌలే, అంటే గీతల బయటికి పోయిన దెబ్బలే.

కింద చెప్పినదంతా తొమ్మిది నుంచి పదమూడేళ్ల పిల్లలకు, కుడిచేతి బ్యాటర్లను దృష్టిలో పెట్టుకుని. ఎడమచేతి వాళ్లకు కుడి ఎడమలు మార్చుకోండి. ఒక్క మాట మొదట్లోనే గుర్తు పెట్టుకోవాలి: స్వింగ్ (బ్యాట్ తిప్పడం) పాదాల దగ్గర మొదలై చేతుల దగ్గర ముగుస్తుంది. తప్పు చేతుల్లో కనిపిస్తుంది, కారణం మాత్రం చాలాసార్లు కాళ్లలోనో, బ్యాట్ బరువులోనో ఉంటుంది. చేతుల్ని సరిచేసే ముందు కిందికి చూడండి.

ముందు బ్యాట్ సంగతి

స్కూల్ కిట్‌లో తరచుగా ఉండేవి 33, 34 అంగుళాల పెద్దవాళ్ల అల్యూమినియం బ్యాట్లు. 34 అంగుళాలు అంటే నిబంధనలు ఒప్పుకునే గరిష్ఠ పొడవు. నాలుగున్నర అడుగుల పిల్లకి ఆ బ్యాట్ ఇచ్చి స్వింగ్ నేర్పితే, ఆ పిల్ల నేర్చుకునేది స్వింగ్ కాదు, బరువు మోయడం. పదేళ్ల వయసుకు 28 నుంచి 30 అంగుళాల బ్యాట్, అర కిలో నుంచి 570 గ్రాముల లోపు బరువు సరిపోతుంది.

పొడవు చూడటానికి, బ్యాట్ అడుగు గుబ్బను ఛాతీ మధ్యలో ఆనించి, బ్యాట్‌ని ముందుకు చాపి పట్టుకోమనండి. రెండో చెయ్యి చాపితే వేళ్లు బ్యాట్ చివరి భాగాన్ని సులువుగా అందుకోవాలి. బరువు చూడటానికి, ఒక్క చేత్తో పిడి చివర పట్టుకుని, భుజం ఎత్తులో పక్కకు చాపి ఇరవై సెకన్లు నిలపమనండి. అంతలోపే బ్యాట్ వాలిపోతే ఆ బరువు ఆ పిల్లకి ఎక్కువ.

కిట్‌లో పెద్ద బ్యాట్లే ఉంటే, గుబ్బ నుంచి రెండు మూడు అంగుళాలు పైకి పట్టుకోవాలి. ఆ చోట కరెంటు పని టేపు నాలుగు చుట్లు చుట్టేయండి. చెయ్యి ఎక్కడ ఉండాలో ప్రతిసారీ చెప్పనక్కర్లేదు, టేపే చెబుతుంది. పైకి పట్టుకోవడం చిన్నతనం అనుకునే పిల్లలు ఉంటారు. బంతి తగిలే మోత రెండు పద్ధతుల్లోనూ వినిపించండి, వాళ్లే పైకి పట్టుకుంటారు.

బంతి కూడా చూసుకోవాలి. మామూలు సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు సుమారు 180 నుంచి 200 గ్రాములు. అమెరికాలో పదేళ్ల లోపు పిల్లలకు 11 అంగుళాల బంతి వాడతారు, 35 అడుగుల నుంచి పిచ్ చేస్తారు (బ్యాటర్‌కి బంతి వేయడమే పిచ్, వేసేవారు పిచ్చర్). పన్నెండేళ్ల లోపు వాళ్లకు 40 అడుగులు, ఆపైన అమ్మాయిలకు 43 అడుగులు. అక్కడి లీగుల్లో ఆడే మన పిల్లలు ఈ మెట్లన్నీ ఎక్కుతూ వస్తారు. ఇక్కడ మీరు కూడా సాధనలో దూరాన్ని వయసును బట్టి తగ్గించుకోవచ్చు. అసలు దూరానికి తొందరేమీ లేదు.

గ్రిప్

కుడిచేతి బ్యాటర్‌కి ఎడమ చెయ్యి గుబ్బ వైపు, కుడి చెయ్యి దాని పైన, రెండూ ఆనుకుని. క్రికెట్‌లో బ్యాట్ కిందికి వేలాడుతుంది కాబట్టి ఎడమ చెయ్యి పై చెయ్యి. ఇక్కడ బ్యాట్ పైకి లేచి ఉంటుంది కాబట్టి అదే ఎడమ చెయ్యి కింది చెయ్యి అవుతుంది. అందుకే పిల్లలతో పై చెయ్యి, కింది చెయ్యి అనకండి. ఎడమ, కుడి అనండి.

పిడి అరచేతి మధ్యలో కాదు, వేళ్ల మొదళ్ల దగ్గర ఉండాలి. తలుపు తట్టేటప్పుడు వాడే వేళ్ల కణుపులు రెండు చేతులవీ దాదాపు ఒకే వరుసలోకి రావాలి. పిడి అరచేతిలోకి దిగిపోతే మణికట్టు బిగుసుకుంటుంది, బ్యాట్ కొస ఆలస్యంగా వస్తుంది. సరిచేయడానికి తేలికైన దారి ఉంది: బ్యాట్‌ని నేల మీద నిలబెట్టి, వంగి, రెండు చేతుల వేళ్లతో పిడిని చుట్టి, అలాగే పైకి ఎత్తమనండి. తొమ్మిదిమందికి గ్రిప్ దానంతట అదే కుదురుతుంది, పదో పిల్లకి మీరు వేళ్లు సర్దితే చాలు.

పట్టు గట్టిగా ఉండకూడదు. బంతి రాకముందు మీరు బ్యాట్ కొస పట్టుకుని మెల్లగా లాగితే, పిల్ల చేతుల్లో కొంచెం జారాలి. ముంజేతుల నరాలు తేలి, వేళ్లు తెల్లబడి ఉంటే, అది బిగించిన పట్టు. తగిలే క్షణానికి చేతులు వాటంతట అవే బిగుస్తాయి, ఆ సంగతి పిల్లకి చెప్పాల్సిన పని కూడా లేదు.

ఎక్కడ నిలబడాలి, ఎలా నిలబడాలి

బ్యాటర్ నిలబడాల్సిన గడి, అంటే బ్యాటర్స్ బాక్స్, ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ప్లేట్ నుంచి ఆరు అంగుళాల ఎడం. మట్టి మైదానంలో సున్నంతో బాక్స్, ప్లేట్ రెండూ గీసే నేర్పండి. గీతలు లేకుండా నేర్చుకున్న పిల్ల మ్యాచ్‌లో ప్లేట్‌కి ఎంత దూరంలో నిలబడాలో తెలియక తికమకపడుతుంది.

దూరం కొలవడం సులువు. బాక్స్‌లో మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడి, నడుము దగ్గర వంగి, బ్యాట్ కొసతో ప్లేట్ అవతలి అంచుని తాకాలి. అందకపోతే దగ్గరికి జరగాలి, అంచు దాటి పోతే వెనక్కి జరగాలి. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలే అయినా, దూరంగా నిలబడే పిల్లకి అవతలి మూడోవంతు ఎప్పటికీ అందదు. దూరంగా నిలబడటానికి కారణం చాలాసార్లు భయం. దాని గురించి కింద వివరంగా చెప్పుకుందాం.

ఇప్పుడు పాదాల నుంచి పైకి వెళ్దాం.

పాదాలు భుజాల కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. రెండు పాదాల వేళ్లూ ప్లేట్ వైపు. బరువు మడమల మీద కాదు, పాదం ముందు భాగంలో, లోపలి అంచు మీద. పరీక్షించాలంటే ఛాతీ మీద రెండు వేళ్లతో మెల్లగా నెట్టండి. వెనక్కి తూలితే బరువు మడమల మీద ఉన్నట్టే.

మోకాళ్లు కొద్దిగా వంగి ఉండాలి, మోకాలి చిప్ప పాదం వేళ్లను దాటి ముందుకు పోకూడదు. నడుము దగ్గర స్వల్పంగా ముందుకు వంగాలి. కబడ్డీలో రైడర్ కోసం కాచుకునే డిఫెండర్ నిలబడే తీరు పిల్లలకు తెలిసిందే. ఎటైనా కదలడానికి సిద్ధంగా ఉండే ఆ కాళ్లే ఇక్కడా కావాలి.

చేతులు కుడి భుజం ముందు, భుజానికి బెత్తెడు దూరంలో, ఇంచుమించు చంక ఎత్తు నుంచి భుజం ఎత్తు మధ్య ఉండాలి. బ్యాట్ నిట్టనిలువుగానూ కాదు, పూర్తిగా పడుకుని కాదు, సుమారు 45 డిగ్రీల వాలులో. కొస తల వెనక్కి చుట్టుకుపోకూడదు. అలా చుట్టుకుంటే కొస బంతి దాకా రావడానికి దూరం పెరుగుతుంది, వేగంగా వేసే పిచ్చర్ దగ్గర ప్రతిసారీ ఆలస్యమవుతుంది.

మోచేతి గురించి ఒక హెచ్చరిక. "వెనక మోచెయ్యి పైకెత్తు" అని మైదానం చుట్టూ ఉన్న పెద్దలంతా అరుస్తుంటారు. చిన్నపిల్లలకు అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. పైకెత్తిన మోచెయ్యి స్వింగ్‌లో కిందికి దిగాలి. దిగేటప్పుడు బలం లేని పిల్లకి దానితో పాటు భుజం కూడా పడిపోతుంది, బ్యాట్ బంతి కిందకి పోతుంది, బంతి గాల్లోకి లేస్తుంది. మోచేతుల్ని వాటి మానాన వదిలేయండి. రెండూ కిందికి వాలి, సడలి ఉంటే చాలు.

తల నిటారుగా, గడ్డం ఎడమ భుజం దగ్గర, రెండు కళ్లూ పిచ్చర్ వైపు. క్రికెట్ స్టాన్స్ అలవాటున్న పిల్లలు మెడ సగమే తిప్పి, ముక్కు పక్కనుంచి ఒక్క కంటితో చూస్తారు. మీరు పిచ్చర్ చోట నిలబడి, పిల్ల కుడి కన్ను మీకు పూర్తిగా కనిపిస్తోందా లేదా చూడండి. కనిపించకపోతే, ముందు పాదాన్ని రెండు అంగుళాలు బయటికి జరిపి నిలబడమనండి, మెడ సులువుగా తిరుగుతుంది.

ఒదగడం, అడుగు వేయడం

కోచ్‌లు లోడ్ అనేది నిజానికి చిన్న కదలిక. బరువు వెనక కాలి లోపలి తొడ మీదికి వెళుతుంది, చేతులు రెండు మూడు అంగుళాలు వెనక్కి జరుగుతాయి. అంతే. పిల్లకి "కొంచెం వెనక్కి ఒదుగు" అంటే అర్థమవుతుంది. వెనక మోకాలు పాదం దాటి బయటికి పోతే అది ఒదగడం కాదు, ఊగడం. ఊగిన పిల్ల తిరిగి సమయానికి ముందుకు రాలేదు.

తర్వాత అడుగు. నాలుగు నుంచి ఆరు అంగుళాలు, పిచ్చర్ వైపు తిన్నగా, ముందు వేళ్లు ఆని ఆ తర్వాత మడమ. క్రికెట్ నుంచి వచ్చిన పిల్లలకు ఇదే అన్నిటికన్నా కష్టం. ఫ్రంట్ ఫుట్ డ్రైవ్‌లో కాలితో పాటు తల, శరీరం, బరువు మొత్తం ముందుకు వెళ్తాయి. ఇక్కడ కాలు ఒక్కటే వెళ్లాలి. తల ఉన్న చోటే ఉండాలి, బరువులో ఎక్కువ భాగం ఇంకా వెనక కాలి మీదే ఉండాలి. శరీరం ముందే వెళ్లిపోతే తిప్పడానికి వెనక ఏమీ మిగలదు, చేతులతోనే తోయాల్సి వస్తుంది.

దీన్ని సరిచేయడానికి నేల మీద సున్నంతో గీత గీయండి, ముందు పాదానికి ఆరు అంగుళాల అవతల. గీత దాటకుండా అడుగు వేసి, అక్కడే ఆగమనండి. ఆగిన స్థితిలో ముందు పాదాన్ని మళ్లీ గాల్లోకి ఎత్తమనండి. ఎత్తగలిగితే బరువు వెనకే ఉంది. ఎత్తలేకపోతే బరువు ముందే వెళ్లిపోయింది. బ్యాట్ లేకుండా, నడుము మీద చేతులు పెట్టుకుని రోజూ పదిసార్లు చేయిస్తే రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది.

ఇదంతా ఎప్పుడు? విండ్‌మిల్ పిచ్చర్ (చేతిని గాలిమరలా గుండ్రంగా తిప్పి కింది నుంచి బంతి వేసేవారు) చెయ్యి పైకి లేచి తల దాటుతున్నప్పుడు ఒదగాలి. చెయ్యి కిందికి తిరిగి తొడ పక్కన బంతి వదిలే వేళకు ముందు పాదం నేలను తాకాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో 43 అడుగుల నుంచి వచ్చే బంతికి, పిచ్చర్ ముందుకు అడుగేసి వదలడం కూడా కలుపుకుంటే, మీ పిల్లకి దొరికేది సుమారు అర సెకను. బంతి వదిలాక ఒదగడం మొదలుపెట్టే పిల్లకి ఆ అర సెకను చాలదు. ఆలస్యం అవుతోంది అని బ్యాట్ వేగం పెంచమనడం కంటే, ముందుగా ఒదగమనడమే సరైన మందు.

తిరగడం: అసలు స్వింగ్ ఇక్కడే

ముందు మడమ నేలకు ఆనగానే తుంటి తిరగడం మొదలవుతుంది. తుంటి తర్వాత భుజాలు, భుజాల తర్వాత చేతులు, చివర బ్యాట్ కొస. ఈ వరుస తప్పితే బలం పోతుంది. పిల్లలకు చెప్పాల్సిన మాట ఒక్కటే: "బొడ్డు పిచ్చర్‌కి చూపించు." తుంటి, తొడ, ఇరుసు అని పాఠం చెబితే బుర్ర నిండుతుంది, శరీరం కదలదు.

తుంటి తిరిగితే వెనక మడమ దానంతట అదే లేస్తుంది, వెనక మోకాలు ముందు మోకాలి వైపు వస్తుంది. చాలామంది కోచ్‌లు వెనక పాదంతో పురుగును నలిపినట్టు తిప్పమంటారు. దానివల్ల ఒక నష్టం ఉంది. పిల్ల పాదాన్ని మాత్రమే తిప్పుతుంది, తుంటి మాత్రం అక్కడే ఉండిపోతుంది. పాదం తిరగడం గుర్తు మాత్రమే, కారణం కాదు. తుంటిని చూడండి.

ముందు కాలు ఈ దశలో గట్టిపడాలి. అడుగు వేసినప్పుడు వంగి ఉన్న మోకాలు, బంతి తగిలే వేళకు దాదాపు తిన్నగా అవుతుంది. ముందు మోకాలు వంగుతూనే ఉంటే బలం ముందుకు కారిపోతుంది, తల కూడా కిందికి జారి బంతి మీద చూపు చెదురుతుంది.

చేతుల దారి మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. తుంటి తిరుగుతుండగా కుడి మోచెయ్యి పక్కటెముకల దగ్గరికి దిగుతుంది. బ్యాట్ అడుగు గుబ్బ బంతి వైపు చూస్తూ ముందుకు వస్తుంది, కొస వెనకే ఉంటుంది. ఆ తర్వాతే కొస విసురుగా బయటికి వస్తుంది. పిల్లకి చూపించడానికి ఒక మంచి పద్ధతి: గుబ్బకు ఎదురుగా మీరు అరచెయ్యి పెట్టి, "గుబ్బతో నా చెయ్యి పొడువు" అనండి. మెల్లగా, మూడు నాలుగుసార్లు. చేతులు ఒంటికి దగ్గరగా రావడం అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

బంతి తగిలే క్షణంలో బ్యాట్‌ని పట్టుకుని ఆపి చూడండి. కుడి అరచెయ్యి ఆకాశం వైపు, ఎడమ అరచెయ్యి నేల వైపు ఉండాలి. కుడి మోచెయ్యి ఇంకా కొద్దిగా వంగే ఉండాలి. రెండు మణికట్లూ అప్పటికే తిరిగిపోయి ఉంటే, బంతి షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) వైపు నేలబారుగా దొర్లుతుంది. క్రికెట్ పుల్ షాట్‌లో బంతిని కిందికి ఉంచడానికి మణికట్లు తిప్పే అలవాటు ఇక్కడ అడ్డొచ్చేది సరిగ్గా ఇలాగే. బంతి తగిలాక రెండు చేతులూ పూర్తిగా చాచుకోవాలి, ఆ తర్వాతే మణికట్లు తిరుగుతాయి, బ్యాట్ ఎడమ భుజం మీదుగా వెళ్లి ఆగుతుంది.

తల కదలకపోతే, స్వింగ్ మొదట్లో ఎడమ భుజం దగ్గర ఉన్న గడ్డం, స్వింగ్ ముగిసేసరికి కుడి భుజం దగ్గర ఉంటుంది. తిరిగింది భుజాలే, గడ్డం కాదు. పిల్లకి ఇది చెప్పి, గడ్డం ఏ భుజం మీద ముగిసిందో ప్రతి స్వింగ్ తర్వాత తనే చెప్పమనండి.

టీ మీద సాధన

టీ అంటే బంతిని కదలకుండా నిలబెట్టే స్టాండు. అది లేకుండా స్వింగ్ నేర్పడం దాదాపు కుదరని పని. కొనలేకపోతే చేసుకోండి. పాత పెయింట్ డబ్బాలో సిమెంటు కాంక్రీటు పోసి, మధ్యలో ఒకటింబావు అంగుళాల పీవీసీ పైపు నిలబెట్టండి. దాని లోపల ఎత్తు మార్చుకునేలా ముప్పావు అంగుళం పైపు దూర్చి, కావలసిన చోట మేకు గుచ్చడానికి రంధ్రాలు పెట్టండి. పైన బంతి కూర్చోవడానికి ఒక జానెడు రబ్బరు హోస్ ముక్క తొడగండి. బ్యాట్ తగిలినా వంగుతుంది కానీ విరగదు. ఎత్తు పిల్ల తొడ మధ్య నుంచి ఛాతీ దాకా మారేలా ఉండాలి.

టీ పెట్టే చోటులోనే ఎక్కువమంది పొరపడతారు. ప్లేట్ నడిమధ్యలో పెట్టి, పిల్లని దాని పక్కనే నిలబెడితే, బంతి బొడ్డుకి ఎదురుగా ఉంటుంది. అక్కడ కొట్టడం అంటే ఆలస్యంగా కొట్టడమే. మధ్య బంతి కోసం, అడుగు వేశాక ముందు పాదం ఉండే చోటికి సమంగా టీ ఉండాలి. ఒంటి దగ్గరికి వచ్చే బంతి కోసం అక్కడి నుంచి అర జానెడు పిచ్చర్ వైపు, ఒంటి వైపు జరపాలి. అవతలి అంచు బంతి కోసం అర జానెడు వెనక్కి, ప్లేట్ అవతలి వైపుకి. మొదటి నెల మధ్య బంతి ఒక్కటే. ఎత్తు తొడ మధ్య నుంచి నడుము వరకు.

ఒక పూట సాధన ఇలా ఉంటే సరిపోతుంది:

1. బ్యాట్ లేకుండా ఒదగడం, అడుగు, తిరగడం: పదిసార్లు. ప్రతి దశలో ఒక క్షణం ఆగుతూ.
2. బ్యాట్‌తో, బంతి లేకుండా, సగం వేగంతో: ఎనిమిది.
3. టీ మీద పూర్తి వేగంతో: ఎనిమిదేసి చొప్పున నాలుగు విడతలు. విడతకీ విడతకీ మధ్య ఒకటిన్నర నిమిషం విరామం.
4. చివర ఒక విడత, వల మీద కట్టిన గుడ్డ ముక్కని గురి చూసి.

మొత్తం నలభై చిల్లర స్వింగ్‌లు. ఇంతకంటే ఎక్కువ అయితే పదేళ్ల పిల్ల అలసిపోయిన శరీరంతో తప్పుడు స్వింగ్‌ని అలవాటు చేసుకుంటుంది. వారానికి మూడు నాలుగు రోజులు, అరగంట చొప్పున చాలు. వంద కొట్టించి గొప్ప చెప్పుకోవడం వల్ల పిల్లకి ఒరిగేదేమీ లేదు.

జాగ్రత్తలు: టీ మీద కూడా హెల్మెట్ ఉండాల్సిందే. బ్యాట్ పట్టుకున్న పిల్ల చుట్టూ మూడు మీటర్ల వలయం గీసి, అందులోకి ఎవరూ రాకూడదని చెప్పండి. బంతులు ఏరేది అందరూ బ్యాట్లు కింద పెట్టాకే.

కదిలే బంతి

టీ మీద పదికి ఏడు సూటిగా, గట్టిగా వెళ్తున్నాయంటే సాఫ్ట్ టాస్‌కి మారొచ్చు. మీరు పిల్లకి ఏటవాలుగా ఎదురుగా, రెండు రెండున్నర మీటర్ల దూరంలో, మోకాలి మీద కూర్చోండి. బంతిని ముందు తుంటికి ఎదురుగా పడేలా, కింది నుంచి మెల్లగా విసరండి. విసిరే ముందు మీ చెయ్యి వెనక్కి వెళ్లాలి, అది చూసి పిల్ల ఒదుగుతుంది. చెయ్యి ఆడించకుండా హఠాత్తుగా విసిరితే సమయం నేర్చుకునే అవకాశమే ఉండదు. టెన్నిస్ బంతులు, ప్లాస్టిక్ బంతులు ఇక్కడ బాగా పనికొస్తాయి.

ఆ తర్వాత ఫ్రంట్ టాస్: ఐదారు మీటర్ల దూరంలో వల తెర వెనక నుంచి. ఇనుప చట్రానికి నైలాన్ వల రెండు మడతలు కట్టినా తెర సిద్ధం. తెర లేకపోతే అసలు బంతి వాడకండి, స్పాంజ్ బంతులే వాడండి. బంతి బల్లపరుపుగా రావాలి. ఆకాశంలోకి లేచి పైనుంచి పడే బంతులు వేస్తే పిల్ల బ్యాట్‌ని కిందినుంచి పైకి లేపడం నేర్చుకుంటుంది, ఆ తప్పు మీరు నేర్పినట్టే.

బంతి ఎటు పోతోందో చూసి తప్పు పట్టుకోవడం

పిల్లని చూడకుండా బంతిని మాత్రమే చూసినా చాలా తెలుస్తుంది. వరసగా కుడి వైపు ఫౌల్ అవుతుంటే ఆలస్యం. ఎడమ వైపు ఫౌల్ అవుతుంటే తొందర, లేదా శరీరం ముందే బయటికి తెరుచుకోవడం. నేలబారుగా ఎడమకి దొర్లితే మణికట్లు ముందే తిరిగాయి. నిట్టనిలువుగా లేస్తే వెనక భుజం పడిపోతోంది, లేదా చేతులు ఒదిగేటప్పుడు కిందికి జారుతున్నాయి.

చేతులు ముందే దూరంగా చాచి, బ్యాట్‌ని చుట్టి తిప్పే తప్పు చాలామందిలో కనిపిస్తుంది. తగిలినా మోత ఉండదు, ఒంటి దగ్గరి బంతి ఎప్పుడూ పిడికే తగులుతుంది. మొదట బరువు చూడండి. బ్యాట్ తేలిక చేస్తే సగంమందిలో ఇది పోతుంది. పోకపోతే కంచె సాధన చేయించండి: గుబ్బ బొడ్డుకి ఆనించి, కొస వల కంచెకి తాకేంత దూరంలో నిలబెట్టి, కంచెకి తగలకుండా మెల్లగా స్వింగ్ చేయమనండి. చేతులు చాచితే కంచెకి తగులుతుంది. పాత బ్యాటో, కర్రో వాడండి. పూటకి ఐదారుసార్లు మించొద్దు. ఎక్కువ చేయిస్తే పిల్ల చేతుల్ని మరీ ఒంటికి ఇరికించుకుని అవతలి అంచు బంతిని వదిలేస్తుంది.

భుజం పడిపోయే పిల్లకి టీని ఛాతీ ఎత్తుకు లేపండి. భుజం పడితే ఆ ఎత్తు బంతి తగలదు. చెప్పకుండానే శరీరం దారికి వస్తుంది.

ఏ పూటైనా ఒక్క తప్పే సరిచేయండి. "తల దించు, మోచెయ్యి చూసుకో, కాలు తిప్పు" అని మూడూ కలిపి అరిస్తే పిల్ల బంతిని చూడటం మానేస్తుంది. మిగతా తప్పులు కనిపిస్తున్నా ఓర్చుకోవాలి. కోచ్‌కి అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.

భయం

పిచ్ వస్తుండగా ముందు పాదం థర్డ్ బేస్ వైపు పక్కకు పోతుంటే, అది కాలి తప్పు కాదు. బంతి తగులుతుందనే భయం. పాదం వెనక ఇటుకో, కర్రో అడ్డం పెట్టి ఆపాలని చూడకండి, కాలు మడతపడి గాయమవుతుంది. తప్పించుకోవడం నేర్పితే భయం తగ్గుతుంది.

టెన్నిస్ బంతులు తీసుకోండి. హెల్మెట్ పెట్టించండి, ముఖానికి జాలీ ఉన్నదైతే మేలు. మీరు మెల్లగా ఒంటి మీదికే వేస్తారని ముందే చెప్పండి. బంతి వస్తుంటే పిల్ల ముందు భుజాన్ని లోపలికి, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవారు) వైపు తిప్పి, గడ్డాన్ని ఛాతీకి ఆనించి, బ్యాట్‌ని కిందికి దించి, వీపు బంతికి చూపించాలి. ముఖం, ఛాతీ తెరుచుకునేలా వెనక్కి వాలడం ప్రమాదం. వీపు మీద టెన్నిస్ బంతి నాలుగుసార్లు తగిలాక పిల్లలు నవ్వడం మొదలుపెడతారు. ఆ తర్వాత కాలు తిన్నగా పడుతుంది. "భయపడకు" అని మాత్రం అనొద్దు, ఆ మాటతో ఎవరి భయమూ పోలేదు. "తగిలితే ఎలా తిరగాలో నీకు వచ్చు కదమ్మా" అనండి.

మ్యాచ్‌కి ముందు రెండు సంగతులు

స్ట్రైక్ జోన్, అంటే మంచి బంతిగా లెక్కించే చోటు, ప్లేట్ మీదుగా, చంకలకూ మోకాళ్లకూ మధ్య. క్రికెట్ పిల్లలు వైడ్ బంతిని కూడా వెంటాడతారు, కొట్టకపోతే బంతి వృథా అనుకుంటారు. ఇక్కడ నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఫస్ట్ బేస్ ఉచితంగా వస్తుంది. ఫ్రంట్ టాస్‌లో కావాలనే పదికి నాలుగు బయటికి వేసి, వదిలేసిన ప్రతిదానికీ "భలే చూశావ్" అని మెచ్చుకోండి. వదిలేటప్పుడు కూడా ఒదగడం, అడుగు వేయడం పూర్తిగా జరగాలి. తుంటి మాత్రం తిరగకుండా ఆగాలి.

రెండోది పరుగు. క్రికెట్‌లో బ్యాట్ చేతిలోనే ఉంటుంది, కొట్టిన బంతికి పరుగు తీయాలా వద్దా అనేది బ్యాటర్ ఇష్టం. ఇక్కడ బంతి గీతల మధ్యకి వెళ్లిందంటే పరుగెత్తాల్సిందే, నిలబడి చూస్తే ఔట్. బ్యాట్‌ని విసరకుండా, ఎడమ చేతి నుంచి పక్కకు జారవిడిచి, 60 అడుగుల అవతల ఉన్న బేస్ మీదుగా దూసుకుపోవాలి. బ్యాట్ చాచి క్రీజులో ఆనించినట్టు బేస్ ముందు వేగం తగ్గించకూడదు, ఫస్ట్ బేస్ దాటి ముందుకు వెళ్లినా తప్పు లేదు. ప్రతి పూటా టీ మీది చివరి ఐదు స్వింగ్‌లకు ఇలా పరుగెత్తించండి. మైదానంలో రెండు రంగుల ఫస్ట్ బేస్ ఉంటే, తెల్లది ఫీల్డర్‌ది, గీత బయటున్న నారింజ రంగుది మీ పిల్లది అని చూపించండి.